ఏడో నంబరు అచ్చు

మార్చి 4, మంగళవారం

ఈ డైరీ నేను కొనుక్కున్నది కాదు. మౌత్‌వాష్ కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చి వెళ్ళారు. ప్రతి పేజీ అడుగున ఒక దంత సలహా ఉంది. ఈ రోజుది: "మీ నవ్వే మీ ఆస్తి, కాపాడుకోండి." పదిహేడేళ్ళుగా పళ్ళ డాక్టరుగా ఉన్నాను, ఇంత దిక్కుమాలిన వాక్యం ఎక్కడా చదవలేదు.

భోజనం వేళ, పళ్ళ అచ్చుల గదిలో కూర్చుని రాస్తున్నాను. ప్లాస్టర్ దుమ్ముకి భయపడి ఇక్కడికి ఎవరూ రారు. ఇంట్లో రాయడం కుదరదు, అక్క కూతురు పిట్ట ఉంటుంది. అలాగని పిట్ట వల్ల ఇబ్బంది ఏమీ లేదు. అక్క పోయి నాలుగు నెలలు, అక్క కూతురు నా దగ్గరికొచ్చీ నాలుగు నెలలు. పదమూడేళ్ళ పిల్ల, ఇల్లు పీకి పందిరేస్తుంది చూసుకో అని అందరూ భయపెట్టారు. అలాంటిదేమీ లేదు. ఇంట్లో ఉందో లేదో తెలియదు. తిన్న కంచం తనే కడుగుతుంది. అడిగినదానికి జవాబు చెప్తుంది. బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.

బడి పిల్లల్ని చూసేది వారంలో మంగళ, బుధవారాలే. ఈ రోజు పద్దెనిమిది మందిని చూశాను.

మార్చి 5

ఇరవై ఒకటి. విశేషం లేదు.

మార్చి 7, శుక్రవారం

మూడు నెలలకోసారి చేసే సరిచూపు ఈ రోజు. బీరువాలోంచి పన్నెండు ప్లాస్టర్ అచ్చులు తీసి బల్ల మీద వరసగా పెడతాం. పన్నెండు మంది నోళ్ళు. పేర్లుండవు, అడుగున నంబర్లు మాత్రం. అందరం ఎవరికి వాళ్ళం కొలిచి, గ్రేడ్ రాసి, తర్వాత పైకి చదువుతాం. ఒకే నోటిని ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా కొలిచేటట్టయితే ఇక స్కేలు దేనికి, బొమ్మా బొరుసా వేసుకుంటే పోలా అంటారు పెద్దాయన. మా విభాగానికి ఆయనే పెద్ద.

ఏడో నంబరు దగ్గర నేను స్కేలు తీయలేదు. తీయక్కర్లేదు. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య ఎడం తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. గ్రేడ్ ఐదు.

"ఇది ఎవరిది మేడమ్? అన్నిటికన్నా పాతదిలా ఉంది. ముందు పన్ను అంచు కూడా విరిగింది" అంది కొత్త డాక్టరు. చేరి ఏడాదైనా ఆ అమ్మాయిని అందరూ కొత్త డాక్టరనే అంటారు.

"ఏదో పాత కేసు" అన్నాను.

పన్నెండుకి పన్నెండూ నావి సరిపోయాయి. ఎప్పుడూ సరిపోతాయి.

మార్చి 10

పిట్టకి చెవి నొప్పట. ఏ చెవి అంటే రెండూ అంది. లైటు వేసి చూశాను, ఏమీ కనిపించలేదు. చుక్కల మందు వేశాను. "తగ్గింది పిన్నీ" అంది, మందు ఇంకా చెవిలోకి దిగకముందే.

మార్చి 11, మంగళవారం

ఒకావిడ మీదికొచ్చినంత పని చేసింది. కూతురికి పధ్నాలుగేళ్ళు. కింది వరసలో ఒక పన్ను కాస్త పక్కకి తిరిగింది, అంతే.

"ఎదురుగా వంకర కనిపిస్తుంటే అవసరం లేదంటారేంటండీ?"

"కనిపించడం వేరు, అవసరం వేరమ్మా. ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడ్లుంటాయి. నాలుగు, ఐదు అయితే ఇక్కడే క్లిప్పులు వేస్తాం. ఒకటి, రెండు అయితే అక్కర్లేదు. మూడైతే అటూ ఇటూ, ఫొటోలతో పోల్చి చూస్తాం. మీ అమ్మాయికి రెండు."

"రెండా? దీనికి లెక్కల్లోనూ రెండే వస్తాయి."

ఆ పిల్ల నేలకేసి చూసింది. దాని తప్పేమీ లేదని చెప్పబోయాను, ఓపిక లేక ఊరుకున్నాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ, "మీకూ ఓ ఆడపిల్ల ఉంటే తెలిసేది" అంది. కుర్చీ పక్కన నాతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న సిస్టరు గభాలున నా మొహంలోకి చూసింది. నాకేమీ అనిపించలేదు. నిజంగానే ఏమీ అనిపించలేదు. అందుకే రాసిపెడుతున్నాను.

పెద్దాయన మెచ్చుకున్నారు. ఇంతకు ముందు రోజుకి పన్నెండు మందినే చూసేదాన్నట, ఇప్పుడు ఇరవై దాటుతున్నారట. పని మీద శ్రద్ధ పెరిగిందన్నారు.

మార్చి 12, బుధవారం

ఈ రోజు పిట్ట వాళ్ళ బడి వంతు.

"మన పిల్లని మీరే చూస్తారా మేడమ్? కొత్త డాక్టరు ఖాళీగానే ఉంది" అంది సిస్టరు. ఇంట్లోవాళ్ళని మనం కొలవకూడదని మాకో పద్ధతి ఉంది. ఎవరూ గోడకి రాసిపెట్టలేదు గానీ ఉంది. తేడా ఏముంటుంది, స్కేలు స్కేలే కదా అన్నాను.

నోరు తెరువు. మూయి. పళ్ళు కలిపి పెట్టు. అందరికీ చెప్పినట్టే చెప్పాను. ఎడం మూడు మిల్లీమీటర్లు. పెదాలు చక్కగా మూతపడుతున్నాయి. చిన్నప్పుడు దీనికి పై పళ్ళు బాగా ముందుకుండేవి. పదమూడు రాగానే నీ కుర్చీలో కూర్చోబెడతాను, నువ్వే చూసుకో అని అక్క అంటుండేది. పెరిగేకొద్దీ సర్దుకున్నట్టున్నాయి. అలా వాటంతటవే సర్దుకోవని పళ్ళ డాక్టరీ చదివేవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. అయినా కొందరికి సర్దుకుంటాయి.

పది ఫొటోల కార్డు చూపించి, నీ పళ్ళు వీటిలో ఎలా ఉన్నాయనుకుంటున్నావని ప్రతి పిల్లనీ అడుగుతాం. మొదటిది చక్కటి వరస, పదోది బాగా చెడ్డది. పిట్ట వేలు ఎనిమిదో ఫొటో మీద ఆగి, రెండో దాని మీదికి జరిగింది. పొరపాటున ఆగి ఉంటుంది.

గ్రేడ్ రెండు. ప్రస్తుతం చికిత్స అవసరం లేదు. సంతకం పెట్టాను.

"థాంక్స్ పిన్నీ" అంది.

అక్క పోలిక రాలేదు దీనికి. మంచిదే.

మార్చి 18

పిట్ట నాతో కూర్చుని తినడం మానేసింది. "హోంవర్క్ ఉంది పిన్నీ, నువ్వు తినెయ్, నేను తర్వాత తింటా" అంటుంది. నేను లేచాక వచ్చి తింటుంది. ఆపిల్ కూడా ముక్కలు కోసుకుని గదిలోకి పట్టుకెళ్ళి తలుపేసుకుంటుంది. ఇద్దరికీ ప్రశాంతంగా ఉంది.

ఈ రోజు సలహా: "గట్టి పదార్థాలు నమిలి తినండి."

మార్చి 20

మళ్ళీ చెవి. మళ్ళీ చుక్కలు.

మార్చి 27, గురువారం

నేను చూసిన కార్డుల్లోంచి ప్రతి పదోదీ తీసి, ఆ పిల్లల్ని వేరే డాక్టరు మళ్ళీ కొలుస్తారు. ఎప్పుడూ జరిగేదే. ఈ నెల వంతులో పిట్ట కార్డు కూడా పడింది. కొత్త డాక్టరు బడి నుంచి పిలిపించి చూసిందట, నాకు తెలియదు.

మధ్యాహ్నం కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రాదు, వెనక్కి పోదు.

"మేడమ్, ఒక కార్డులో తేడా వచ్చింది."

"ఎంత?"

"మీరు మూడు మిల్లీమీటర్లు రాశారు. నాకు పది వచ్చింది."

నవ్వొచ్చింది. "పదా? స్కేలు తిరగేసి పట్టుకున్నావా?"

"రెండుసార్లు కొలిచాను మేడమ్. గ్రేడ్ ఐదు. పెదాలు కూడా కలవడం లేదు. అదీ..." అని ఆగింది. "మీ అమ్మాయి కార్డు."

మా అమ్మాయి కాదు, అక్క కూతురు అన్నాను. అదేదో ముఖ్యమైన విషయమైనట్టు. ఆ తర్వాత ఇంకా ఏవేవో అన్నాను. నువ్వు పుట్టకముందు నుంచి... అని మొదలుపెట్టాను కూడా, అది లెక్క ప్రకారం నిజం కాదు. ఆ అమ్మాయి కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడుకీ పదికీ తేడా ఏడు. ఏ డాక్టరూ ఏడు మిల్లీమీటర్లు పొరపాటు పడడు. అయితే తనైనా తప్పు కొలిచి ఉండాలి, లేకపోతే

మార్చి 28

పది కాదు.

ఏప్రిల్ 1, మంగళవారం

పిల్లలందరూ వెళ్ళాక సిస్టరు లైటు తుడుస్తూ అడిగింది, నా వైపు చూడకుండా.

"ఆ రోజు పిట్టని మింగమన్నారా మేడమ్?"

నేను కార్డులు సర్దుతున్నాను.

"ఎవర్నీ అనడం లేదు మీరు. చాలా రోజులైంది. చెప్దామనుకున్నాను. ఉన్న బాధ చాలదా ఈవిడకి అని ఊరుకున్నాను. తప్పు నాదే."

తప్పు ఆవిడది కాదు. ఎత్తుపళ్ళున్న పిల్లలు కొందరు కింది దవడని ముందుకి లాక్కుని కూర్చుంటారు. పై పళ్ళకి కింది పళ్ళు దగ్గరగా వచ్చి, చూసేవాళ్ళకి అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకని స్కేలు పెట్టే ముందు, నాలుక వెనక్కి మడిచి మింగు అని చెప్పాలి. మింగితే దవడ తన చోటికి తాను పోతుంది. అప్పుడు కొలవాలి. ఇది మొదటి నెల పాఠం. పదేళ్ళుగా నేనే చెప్తున్నాను.

కార్డులో దానికో గడి కూడా ఉంది: దవడ వెనక్కి కూర్చోబెట్టి కొలిచాను. బీరువాలోంచి నవంబరు నుంచి ఉన్న కార్డులన్నీ తీశాను. ఆరు వందల పైచిలుకు. ప్రతి కార్డులో ఆ గడిలో టిక్కుంది. నా టిక్కే. తోక పొడుగ్గా, నీటుగా. ఒక్కదానిలో కూడా చెయ్యి వణికినట్టు లేదు.

ఏప్రిల్ 3, గురువారం

నిన్న సాయంత్రం పిట్టని వంటింటి బల్ల దగ్గర కూర్చోమన్నాను. హోంవర్క్ ఉందంది. తర్వాత చేసుకోవచ్చన్నాను.

"మొన్న కొత్త డాక్టరు నిన్ను మింగమందా?"

"ఊఁ."

"నేను అనలేదు కదా."

"నువ్వనలేదు."

"దవడ ముందుకి పెట్టుకోవడం ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదు. అద్దంలో చూసుకుని నేర్చుకున్నా. మొదట్లో చెవుల దగ్గర బాగా లాగేది, ఇప్పుడు కాస్త అలవాటైంది. తినేటప్పుడే కుదరదు. నిద్రలో కూడా జారిపోతుంది, అందుకే తలుపేసుకుంటా."

చెవిలో చుక్కలు వేశాను నేను. పళ్ళ డాక్టర్ని, దవడ నొప్పికి చెవిలో చుక్కలు వేశాను.

"ఎందుకమ్మా ఇదంతా?"

పిట్ట బల్ల మీది గీతని గోరుతో గీకుతూ చెప్పింది. అరవలేదు, ఏడవలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నేనొచ్చిన మొదటి వారం ఇక్కడే తింటున్నా. నువ్వు నా మొహం చూసి, కంచం సింకులో పెట్టేసి బయటికెళ్ళిపోయావు. మర్నాడూ అంతే. మూడోసారి 'అచ్చం అక్కే' అని మెల్లగా అనుకుని వెళ్ళావు. నాకు వినిపించింది. అమ్మలా కనిపిస్తున్నాననే కదా? అందుకని..."

"అందుకని?"

"కనిపించకుండా పెట్టుకున్నా."

"మరి కొత్త డాక్టరు దగ్గర ఎందుకు వదిలేశావు?"

"ఆవిడకి అమ్మ తెలీదుగా."

సరే అన్నాను. ఒక పిల్ల అలాంటి మాట చెప్తే ఎవరైనా సరే అంటారా? నేనన్నాను. లేచి గిన్నెలు కడిగాను. అయిపోయాక, కడిగినవే మళ్ళీ కడిగాను. పిట్ట హోంవర్క్ చేసుకోవడానికి వెళ్ళింది. దవడ ముందుకే ఉంది.

మొదటి వారం అలా లేచి వెళ్ళిన సంగతి నాకు గుర్తులేదు.

గుర్తుంది. మూడుసార్లు కాదు, ఐదుసార్లు.

ఏప్రిల్ 4

ఇది ఎక్కడో ఒకచోట రాయాలి.

అక్క ఆస్పత్రిలో ఉన్నది మూడు వారాలు. చివరి రోజు స్పృహ లేదు. దవడ వెనక్కి జారిపోయి ఊపిరి అందడం లేదని, నర్సు మంచం తలాపున నిలబడి రెండు చేతులతో అక్క కింది దవడని ముందుకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. పెద్ద డాక్టరు వచ్చి చూసి, చాల్లేమ్మా అన్నాడు. నర్సు వదిలేసింది. దవడ వెనక్కి పోయింది.

నేను తిరిగి పనిలోకొచ్చింది పది రోజులకి. కుర్చీలో మొదటి పిల్ల. నాలుక వెనక్కి మడిచి, అనే దాకా వచ్చాను. ఆ తర్వాతి మాట రాలేదు. రాకపోయినా పని నడిచింది. ఆ రోజు తొందరగా అయిపోయింది కూడా.

ఏప్రిల్ 7, సోమవారం

పెద్దాయనకి చెప్పాను. కార్డుల కట్ట ఎదురుగా పెట్టి, టిక్కులన్నీ అబద్ధమని చెప్పాను.

ఆయన కట్టలోంచి పై కార్డు తీసి చూశారు.

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"ప్రతి పదో కార్డులోనూ బయటపడేదే సార్. మిగతా తొమ్మిదింటిలో పడేది కాదు."

"క్లిప్పులు వేసేవాళ్ళ జాబితా ఈ నెలాఖరుకి మూసేస్తారు. తెలుసు కదా?"

తెలుసు. ఈ నెల దాటితే మళ్ళీ ఏడాదికి. పదమూడు, పధ్నాలుగేళ్ళ దవడకి ఏడాదంటే చాలా ఎక్కువ. పెరిగే వయసులో అయితే క్లిప్పుతో కింది దవడని ముందుకి నడిపించొచ్చు. పెరగడం ఆగిపోయాక అది వినదు, ఆపరేషనే. అక్కకి అదే చెప్పాను ఒకసారి, నా చదువు పూర్తయిన కొత్తలో. "ఈ వయసులో నన్నెవరు చూడొచ్చారు లేవే" అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నాలుగు, ఐదు వచ్చినవాళ్ళు ఎలాగూ జాబితాలో ఉన్నారు. మిగతా నాలుగు వందల ముప్పై మందిని మళ్ళీ పిలవాలి. కొలిచేది కొత్త డాక్టరు. లైటు పట్టుకుని కార్డు రాసేది నేను. ఈ ఏర్పాటు నేనే అడిగాను. ఆయన ఒప్పుకుని, ఇంకొన్ని మాటలు కూడా అన్నారు. అనాల్సినవే. శ్రద్ధ పెరిగిందన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నారు.

బయటికొచ్చి కొత్త డాక్టరుకి సారీ చెప్పాను. "అయ్యో మేడమ్" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏడవాల్సింది ఎవరో, ఏడ్చేది ఎవరో.

ఏప్రిల్ 9

యాభై రెండు మంది. ఇద్దరికి గ్రేడ్ మారింది.

ఏప్రిల్ 10

ఒకరు.

ఏప్రిల్ 15, మంగళవారం

లెక్కల్లో రెండు వచ్చే పిల్ల వాళ్ళమ్మతో మళ్ళీ వచ్చింది. మళ్ళీ పిలిచారంటే తన మాటే నెగ్గిందని ఆవిడ ముందే విజయోత్సాహంతో ఉంది. మళ్ళీ రెండే వచ్చింది. ఈసారి ఆ పిల్లతో చెప్పాను. "నీ పళ్ళకేమీ కాలేదమ్మా. నువ్వు బాగున్నావు." అది నవ్వింది. ఆ తిరిగిన పన్ను కనిపించింది, బాగానే ఉంది.

తర్వాతి పిల్లాడు మింగగానే దవడ వేలెడు వెనక్కి పోయింది. పన్నెండు మిల్లీమీటర్లు. నేను వాడికి గ్రేడ్ ఒకటి రాశాను. నవ్వమంటే పెదాలు బిగించి నవ్వాడు. నవంబరు నుంచి వీడు ఒకటి అనే కాగితం ఇంట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

లైటు కదులుతోందని సిస్టరు అంది. లైటు పాతదైంది అన్నాను.

ఏప్రిల్ 17, గురువారం

అయిపోయింది. మొత్తం పదకొండు మంది. పిట్టతో పన్నెండు. పదకొండు మందీ జాబితాలో చేరారు.

పిట్ట మాత్రం సంతకం పెట్టనంటోంది. పిల్ల కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి, అది మా పద్ధతి. కొత్త డాక్టరు ఎంత చెప్పినా ఆలోచించి చెప్తానంటుందట.

బడి అయ్యాక నా దగ్గరికి రమ్మన్నాను, ఈ అచ్చుల గదికే. ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"అది పెట్టుకుంటే నా మొహం మారిపోతుందా?"

"మారుతుంది. కింది దవడ ముందుకొస్తుంది."

"ఇప్పుడు నేను పెట్టుకుంటున్నట్టే ఉంటుందా?"

"అలాగే. నొప్పి లేకుండా."

"అప్పుడింక అమ్మలా ఉండను."

దీనికి గ్రేడ్ లేదు. ఐదు అంటే అవసరం అని అర్థం. ఎవరి అవసరం, ఎంత పోగొట్టుకుని అన్నది కార్డులో ఎక్కడా అడగరు. బీరువా తెరిచి ఏడో నంబరు తీసి దాని చేతిలో పెట్టాను.

"ఇది అమ్మ."

నమ్మలేదు. చెప్పాను. నేను చదువుకునేటప్పుడు మొదటిసారి అచ్చు తీయడానికి ఎవరి నోరూ దొరక్కపోతే, అక్క సగం రోజు సెలవు పెట్టుకుని వచ్చింది. అచ్చు కోసం నోట్లో పెట్టిన ముద్ద గొంతులోకి జారి ఉక్కిరిబిక్కిరైంది, అయినా కదల్లేదు. తర్వాత ప్లాస్టర్ ఊడదీయడం చేతకాక పన్ను అంచు నేనే విరగ్గొట్టాను. నోట్లో పన్ను బాగానే ఉండేది. నా పళ్ళు నీకు పరీక్ష పాసవడానికైనా పనికొచ్చాయే అంది అక్క. ఆ మాటకి నవ్వుకుంటూనే ఇంటికెళ్ళాం ఇద్దరం.

పిట్ట ఆ పళ్ళని ఒక్కొక్కటీ వేలితో తడిమింది. "అమ్మ నోట్లో వేలు పెట్టినట్టుంది" అంది. తర్వాత, "ఎంత?"

"తొమ్మిదిన్నర."

"నాది పది. నాదే ఎక్కువ" అని నవ్వింది. నవ్వులో పట్టు తప్పి దవడ జారిపోయింది. వెంటనే లాక్కుంది. నేను చూశానో లేదోనని చూసింది.

నేను చూపు అచ్చు మీదికి తిప్పేశాను. మళ్ళీ పిట్ట వైపు చూడలేదు. అది గమనించింది.

"పెట్టుకుంటాను పిన్నీ" అంది. "కానీ ముందు నువ్వు నన్ను చూడాలి. అదయ్యాకే సంతకం."

ఏప్రిల్ 18

జాబితా ముప్పైన మూసేస్తారు. నిన్న రాత్రి భోజనానికి ఇద్దరం కూర్చున్నాం. పిట్ట దవడ వదిలేసి తింది. చూశాను. ఒక నిమిషం.

ఏప్రిల్ 19

లేచాను. మంచినీళ్ళ కోసం. మంచినీళ్ళ కోసమే.

ఏప్రిల్ 21, సోమవారం

మంచినీళ్ళ సీసా పిట్ట ముందే బల్ల మీద తెచ్చి పెట్టింది. గడుగ్గాయి.

ఏప్రిల్ 23

నిన్న పిట్ట ఆపిల్ కోయకుండా తింది. ముందు పళ్ళతో కొరకడం కుదరదు కదా, తల పక్కకి వంచి దవడ పళ్ళతో కొరికింది. అక్క కూడా అలాగే తినేది. నేనే మర్చిపోయాను. మొహం గుర్తుంది, ఆస్పత్రిలో మొహం. ఆపిల్ తినే మొహం మర్చిపోయాను. రసం గడ్డం మీదికి కారితే మోచేత్తో తుడుచుకునేది అక్క. పిట్ట కూడా మోచేత్తోనే తుడుచుకుంది.

ఏడుపొచ్చింది. బల్ల దగ్గరే, కంచం ముందు, చెయ్యి కూడా కడుక్కోకుండా ఏడ్చాను. నాలుగు నెలలుగా, కాదు, ఐదు నెలలుగా ఎక్కడ దాక్కుందో అంతా ఒక్కసారే వచ్చింది. ముక్కు కారింది. లేచి వెళ్ళలేదు. పిట్ట తినడం ఆపి చూసింది, లేచి వెళ్తానేమోనని. వెళ్ళనని తెలిశాక మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

"పూర్తిగా చూశావా?" అంది చివర్లో.

"ఇంకా లేదే" అన్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

సంతకం పెట్టింది. రేపటితో గడువు ముగుస్తుందనగా పెట్టింది. అచ్చమైన అక్క కూతురు, ఏదైనా ఆఖరి క్షణంలోనే.

అచ్చు తీసే ముందు కొత్త డాక్టరు స్కేలు తీసుకుని నా వైపు చూసింది. కొలిచేది తనే. చెప్పే మాట మాత్రం నన్ను చెప్పమంది. లైటు పట్టుకుని చెప్పాను.

"నాలుక వెనక్కి మడిచి, మింగమ్మా."

పిట్ట మింగింది. దవడ తన చోటికి పోయింది. లైటు కదల్లేదు.

"పది" అంది కొత్త డాక్టరు. పది అని రాశాను. గడిలో టిక్కు పెట్టాను.

మే 30, శుక్రవారం

మళ్ళీ సరిచూపు. ఈసారి బల్ల మీద పదమూడు అచ్చులు. పదమూడోది పిట్టది, పిట్టే ఇమ్మంది. క్లిప్పు పెట్టుకుని నాలుగు వారాలైంది. మాట ముద్దముద్దగా వస్తోంది, అయినా నోరు మూయడం లేదు.

చదువుకునే పిల్లలు ముగ్గురు కొత్తగా వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి ఏడో నంబరు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎవరిది మేడమ్?"

కొత్త డాక్టరు ఏదో పాత కేసు అని చెప్పబోయింది. అలా చెప్పాలని తనకి నేర్పింది నేనే.

"మా అక్కది" అన్నాను.

ఆ అమ్మాయి అచ్చుని రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. కొలవండమ్మా, కొలవడానికే కదా ఇచ్చింది అన్నాను. ఈసారి నేను కూడా స్కేలు పెట్టి కొలిచాను.